జపాన్ దొర చెప్పులు

ఖానాపూర్, 4-2-1959

చిరంజీవి అల్లుడు రాజంకు మామ హనుమండ్లు దీవించి రాసేది.

హైదరాబాదు నుంచి నువ్వు రాసి పంపిన జపాన్ నాటకం అందింది. వేషాలు పంచారు. దొర వేషం నాదే! ముప్పై ఏళ్ళు మా ఊరి గడిలో దొర వెనకాల ఆయన చెప్పులు పట్టుకుని తిరిగిన నేను, ఒక్క పూట కుర్చీలో కూర్చోబోతున్నాను. ఈ మాట మీ అత్త లింగవ్వకు రోజుకు పదిసార్లు చెబుతున్నాను. మిగతావాళ్ళు మాత్రం కొలువులో ఎవరు పైన, ఎవరు కింద అని కొట్టుకుంటున్నారు. ఆ వరస నువ్వే రాసి పంపాలి.

ఇట్లు,
కాబోయే జపాన్ దొర, నీ మామ

తా.క.: సమురాయి అంటే ఏ రాయి? మీ అత్త వాగులో నుంచి రెండు మోసుకొచ్చింది.

హైదరాబాదు, 9-2-1959

మామకు రాజం దండాలు పెట్టి రాసేది.

సమురాయి రాయి కాదు మామా, మనిషి. దొర కొలువులో నడుముకు కత్తి కట్టే బంటు. సలహా చెప్పే పెద్దలు అందరికంటే పైన. తర్వాత గుర్రం ఎక్కే హక్కున్నవాళ్ళు. వాళ్ళ కింద నడిచి కాపలా కాసేవాళ్ళు, ఆ కింద బరిసెల బంట్లు. అందరికంటే అడుగున దొర చెప్పులు మోసేవాడు. ఇది చదివి వినిపిస్తే తగాదా తీరిపోతుంది.

ఇట్లు,
రాజం

తా.క.: ఒక చెప్పుల బంటు చలికాలంలో దొర చెప్పులు రొమ్ముకు హత్తుకుని వెచ్చబెట్టి, ఆ మెప్పుతో పైకొచ్చి, చివరికి దేశాన్నే ఏలాడని అక్కడ చెప్పుకుంటారు.

ఖానాపూర్, 16-2-1959

అల్లుడు రాజంకు మామ పరేషాన్‌లో రాసేది.

నీ తాజా కలం అందరి ముందూ చదివి కొంప ముంచుకున్నాను. ఇప్పుడు పెద్దల వేషాలు ఎవరికీ వద్దు, గుర్రం వద్దు. పదకొండు మందీ చెప్పులే మోస్తామంటున్నారు. సాంబయ్య తడి చెప్పులు అంగీలో పెట్టుకుని తిరిగి ఒళ్ళంతా దద్దుర్లు తెచ్చుకున్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. పంచాయతీ ఎన్నికలకు నిలబడ్డ మా దొరకు ఈ సంగతి తెలిసింది. నిన్న స్వయంగా వచ్చి, "చెప్పులు నేను మోస్త," అన్నాడు. పదకొండు మందీ చెప్పులు కింద పెట్టేశారు.

నాకు భయంగా ఉంది రాజం. ఆయన ముందు నేనెన్నడూ కూర్చోలేదు. ఆయన వస్తే లేస్తాను, నాకు తెలుసు. లేచానంటే ఈ జన్మకు ఇక కుర్చీ లేదు.

ఇట్లు,
దిక్కుతోచని మామ

తా.క.: నాకు చెప్పులు లేవు. గడి ముందు చెప్పులతో నడిచినవాడు ఊళ్ళో ఇంతవరకూ లేడు, కొని ఏం చేసుకోను? అందుకని దొర తన చెప్పులే తాను మోస్తాడట.

హైదరాబాదు, 20-2-1959

మామకు రాజం దండాలు.

జపాన్ దొర ఎవరికీ లేవడు. నీ మీద నీకు నమ్మకం లేకపోతే అత్తతో చెప్పి నడుమును కుర్చీకి కట్టించుకో.

ఇట్లు,
రాజం

తా.క.: పైన శాలువా కప్పుకో, తాడు కనబడకుండా.

ఖానాపూర్, 1-3-1959

చిరంజీవి రాజంకు మామ సంతోషంతో రాసేది.

నాటకం ఆడేశాం! గడి ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. మీ అత్త తాడు గట్టిగానే కట్టింది. మా దొర తన చెప్పులు రొమ్ముకు హత్తుకుని వచ్చి నా ముందు వంగాడు. నేను కుర్చీతో సహా లేచాను. లేచి, ఆయన చేతిలోని చెప్పులు లాక్కుని చంకలో పెట్టుకున్నాను. జనం గొల్లున నవ్వారు.

దొర నా చెవి దగ్గర పళ్ళు కొరికాడు. "కూసో హనుమండ్లూ. నువ్వు లేస్తే నాకు ఓట్లు పడయ్."

కూర్చున్నాను రాజం. ఆయనే నా కాళ్ళకు చెప్పులు తొడిగాడు. ఎడమది కుడికి తొడిగాడు, పాపం, అలవాటు లేదు.

"అట్ల గాదు దొరా, మార్చు," అన్నాను.

మార్చాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఆ సందడిలో దొర ఉత్త కాళ్ళతో గడికి వెళ్ళిపోయాడు. పొద్దున్నే చెప్పులు ఇచ్చి రావడానికి పోయాను. చంకలో పెట్టుకుని కాదు, తొడుక్కునే పోయాను.

ఇట్లు,
నీ మామ హనుమండ్లు

తా.క.: కాస్త వదులు.