ఖాళీ ఇళ్ల ఫైలు

3వ తేదీ, సోమవారం

ఉదయం 11:20. తనిఖీకి వచ్చిన ఆడిటరు నా పరువు తీశాడు! సర్వరు గదిలో అడుగు కూడా పెట్టలేదు. క్యాంటీన్‌లో టీ తాగుతూ ఫోన్లో మా నీటి సరఫరా ఆఫీసు మ్యాప్ తెరిచాడు. పైనున్న అడ్రసులో చివరి ముక్క చెరిపేశాడు. అంతే, ఫైళ్లన్నీ వరసగా బయటపడ్డాయి. పైపులు, వాల్వులు, ఆఖరికి 'ఖాళీ ఇళ్లు' కూడా. ఊరెళ్తూ నీళ్లు ఆపమని మాకు చెప్పినవాళ్ల ఇళ్లన్నమాట, తిరిగొచ్చే తేదీతో సహా.

"ఈ సర్వరు ఎవరు చూస్తారండీ?" అన్నాడు.

నేనే. ఆరేళ్లుగా నేనే.

మధ్యాహ్నం 2:00. నిర్ణయం తీసుకున్నాను. రెండు వారాల్లో అన్నింటికీ తాళాలు!

ఒకటి: ఎవరి పాస్‌వర్డు వాళ్లదే. ఇప్పటిదాకా పదిహేడు మందికీ ఒక్కటే, అదీ ఆఫీసు పేరే.
రెండు: బయటివాళ్లకు ఫోల్డరు కనపడకూడదు.
మూడు: 'ఖాళీ ఇళ్లు' ఫైలు వాల్వులు తిప్పేవాళ్లకు తప్ప ఎవరికీ తెరుచుకోకూడదు.
నాలుగు: రోజూ సాయంత్రం బ్యాకప్.
ఐదు: ఎవరడిగినా తాళాలు తీయను. ఆఫీసరు గారు అడిగినా సరే, దేవుడు దిగొచ్చినా సరే!

4, మంగళవారం

ఫోల్డరు మూసేశాను! నా ఫోన్లోంచి తెరిస్తే 'అనుమతి లేదు' అని వచ్చింది. ఎంత అందమైన మాట! ఇంటికెళ్లి మా ఆయనకు చూపించాను.

"ఇందులో చూడ్డానికి ఏముంది?" అన్నారు.

"ఏమీ లేకపోవడమే గొప్ప."

కొత్త పాస్‌వర్డు పెట్టుకున్నాను. పందొమ్మిది అక్షరాలు.

5, బుధవారం

9:50. పదిహేడు పాస్‌వర్డులు, పదిహేడు కవర్లు. పంచేశాను.

10:35. వాల్వు బాబాయి ఫోన్. ముప్పై ఏళ్లుగా వాల్వులు తిప్పుతున్న మనిషి, ఆఫీసంతటికీ బాబాయే. పెద్ద వీధిలో పైపు పగిలిందట.

"అమ్మాయ్, మోకాళ్లలోతు నీళ్లలో నిలబడ్డా. ఈ పెద్దక్షరం, చిన్నక్షరం సరే. మధ్యలో నిలువు గీత, దాని కింద చుక్క. అదేంటే?"

"ఆశ్చర్యార్థకం, బాబాయ్."

"నాకూ ఆశ్చర్యంగానే ఉంది. వాల్వు ఎక్కడుందో చూడనిస్తావా, ఈదుకుంటూ వెతకమంటావా?"

ఆయన ఒక్కరికీ పాత పాస్‌వర్డు పెట్టాను. తాత్కాలికం. వీధి మునిగిపోతుంటే ఏం చేస్తాం?

4:45. మిగతావాళ్లు నా బల్ల చుట్టూ మూగారు. "బాబాయికో న్యాయం, మాకో న్యాయమా?" ఇంకో పదకొండు మందికి తాత్కాలికం.

6, గురువారం

ఆఫీసరు గారికి పైవాళ్లతో మీటింగు. పెద్ద తెర మీద మ్యాప్ రావాల్సిన చోట 'అనుమతి లేదు' అని వచ్చింది. ఈసారి అంత అందంగా అనిపించలేదు.

"తాళాలన్నీ తీసెయ్యమ్మా. ఒక్క గంటే."

"సార్, ఆడిటరు గారు..."

"ఆయన వెళ్లిపోయాడుగా!"

తీశాను. ఆ గంట పదకొండుకు మొదలైంది. ఇప్పుడు సాయంత్రం 5:15. ఇంకా నడుస్తూనే ఉంది.

7, శుక్రవారం

నా పాస్‌వర్డు నాకే గుర్తు రాలేదు! ఐదుసార్లు తప్పు కొట్టాను. నా సర్వరు నన్నే బయటికి గెంటింది. సరిచేసుకునేసరికి మధ్యాహ్నమైంది. కొత్తది చీటీ మీద రాసి మానిటరుకు అంటించాను. ముందు కాదు, వెనక. ఆమాత్రం జాగ్రత్త నాకుంది.

4:40. వారమంతా బ్యాకప్ తీయనేలేదు. వేరే డిస్కు కావాలంటే మూడు సంతకాలతో ఇండెంటు పెట్టమన్నాడు స్టోర్సు గుమాస్తా. ఎవరు తిరుగుతారు? అన్నీ మూటకట్టి అదే సర్వరులో, మ్యాప్ పక్కనే పెట్టాను. పేరు: 'ముట్టుకోవద్దు'.

తాళాలు తెరిచే ఉన్నాయి. సోమవారం చూద్దాం.

10, సోమవారం

9:05. ఫోన్ మోగింది.

"నేను ఖాళీ ఇల్లమ్మా" అంది ఒక ఆడగొంతు.

బట్టలు కుట్టుకునే ఆవిడ. కూతురి కాన్పుకు వెళ్తూ, ఇరవై ఐదు దాకా నీళ్లు ఆపమని మాకు రాసిచ్చింది. బిడ్డ ముందే పుట్టింది. చిన్న బట్టలు పట్టుకెళ్దామని నిన్న మధ్యాహ్నం వచ్చేసరికి వెనకతలుపు గడియ విరిగి ఉంది. ఇద్దరు మగాళ్లు ఆవిడ కుట్టుమిషనును నడవాలోకి లాగుతున్నారు.

"ఒకడు నా మీదే కేకలేశాడమ్మా! 'ఇరవై ఐదు దాకా రారని ఉందే' అంటూ ఫోన్ చూపించాడు. చూస్తే మీ ఆఫీసు పేరు. నేను అరిచేసరికి గోడ దూకి పారిపోయారు. నేను మీకొక్కరికే చెప్పానమ్మా. మా చుట్టాలకు కూడా చెప్పలేదు."

ఆవిడ అడ్రసు రాసుకున్నాను.

11:30. ఆఫీసరు గారు అంతా శ్రద్ధగా విన్నారు.

"అంటే మన సమాచారం తప్పన్నమాట. ఆవిడ ముందే వచ్చినా మ్యాప్‌లో తేదీ మారలేదు. ఇకమీదట తిరిగొచ్చే తేదీలు రోజూ సరిచూడండి."

"సార్, తప్పు అది కాదు. ఆ ఫైలు బయట పడేసింది నేను."

"పైవాళ్లకు అలా రాస్తే ఇద్దరం ఇరుక్కుంటాం. తేదీలనే రాద్దాం."

12:00. సర్వరు గదికి వెళ్లి నెట్ కేబులు పీకేశాను. ఊరి మ్యాప్ ఆగిపోయింది. బాబాయికి చెబితే, "రెండ్రోజులకు నా బుర్ర చాల్లే" అన్నారు.

4:30. ఆవిడ ఇంటికి వెళ్లాను. మిషను నడవాలోనే ఉంది. సూదికింద సగం కుట్టిన చంటిపిల్ల గౌను అలాగే ఉంది.

"తప్పు నాదేనండీ" అన్నాను.

ఆవిడ వెళ్లి మిషను ఒక చివర పట్టుకుంది. "అటువైపు పట్టు" అంది. ఇద్దరం మిషను ఎత్తి కిటికీ దగ్గర పెట్టాం. గౌనుకు దుమ్ము అంటింది. దులిపి మడిచాను.

11, మంగళవారం

ఫైల్లో ఇంకా నలభై ఒక్క ఇళ్లు ఉన్నాయి. అందరికీ నేనే ఫోన్లు చేశాను. గమనికల గడి నిండా మా వాల్వువాళ్ల సౌకర్యం కోసం రాసిన మాటలే. 'కుక్క ఉంది, కరవదు.' 'మేడమీది కిటికీకి గడియ పడదు.' ఎంత నమ్మకంగా రాశారో! కొందరు తిట్టారు. ఒకాయన అప్పటికప్పుడు బస్సెక్కాడు.

3:50. ఆఖరి ఇల్లు. గురువారం వచ్చిన దరఖాస్తు. అడ్రసు మాదే! వచ్చేవారం మా చెల్లి ఇంటికి వెళ్తున్నామని మా ఆయన రాశారు. గమనిక: 'తాళంచెవి గేటు పక్క పూలకుండీ కింద.'

ఫోన్ చేశాను. "ఎందుకు రాశారండీ ఇవన్నీ?"

"నువ్వు చూసుకునే సర్వరు కదా అని" అన్నారు.

12, బుధవారం

ఉదయం 6:10. మళ్లీ మొదటి రోజు. పూలకుండీ కింది తాళంచెవి తీసేశాను.

ఈసారి జాబితాలో ఒక్కటే రాశాను. ఒకటి: ఖాళీ ఇళ్ల ఫైలు. అది పూర్తయ్యేదాకా రెండో అంకె వేయను.

10:30. ఆ ఫైలు, 'ముట్టుకోవద్దు' మూట, రెండూ సర్వరు నుంచి తీసేశాను. అందులోని ఇళ్లు కాగితం మీద రాసి బాబాయి చేతికిచ్చాను.

10:40. రెండు:

ఏమీ రాయకముందే ఆఫీసరు గారి నుంచి పిలుపు. మ్యాప్ రావడం లేదట, పైనుంచి అడుగుతున్నారట, ఒక్క పది నిమిషాలు చాలట. వెళ్తున్నాను. కేబులు నా సంచిలో ఉంది.