స్వయంగా మానుకున్నవాళ్లు

పూజ్యులైన పెదనాన్నకు మీ అమ్మాయి నమస్కరించి రాసేది.

కూలి, జీతం, ఉద్యోగం, వీటి అర్థశాస్త్రంలో కొత్తగా అడుగుపెట్టిన మాబోటి వాళ్లకు వచ్చే నెల వర్క్‌షాప్ ఒకటి పెడుతున్నారు. పన్నెండు మందిని తీసుకున్నారు, అందులో నేనూ ఉన్నాను. బట్టల మిల్లు గేటు దగ్గర టైమ్ కీపరుగా మీరు రాసిన రిజిస్టరే నా వ్యాసానికి ఆధారం. మిల్లు మూతపడేలోపు వెళ్లిపోయిన 214 మందిలో 212 మందికి ‘కారణం’ గడిలో ‘స్వయంగా మానుకున్నాడు’ అని ఉంది. ఇంత వింత ఇంకెక్కడా లేదు. వ్యాసం నెగ్గితే నా కాలేజీ ఉద్యోగం పర్మనెంటు. లేకపోతే ఈ ఏడాదితో సరి.

అక్కడ ప్రతి వ్యాసానికీ ఒక విమర్శకుణ్ణి కేటాయిస్తారు. ఆయన ఇరవై నిమిషాలు తప్పులెంచుతాడు. రాసినవాళ్లు నోరు మెదపకూడదు. అందుకని, రిజిస్టర్ రాసింది మీరేనని ధ్రువపత్రం పంపండి.

మీ అమ్మాయి

తా.క. మిగిలిన ఇద్దరూ ఎవరు?

*

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న దీవించి రాయునది.

పిలిచి, కుర్చీ వేసి, తిట్టించే ఈ పద్ధతి బాగుంది. మా సూపర్‌వైజరు నిలబెట్టే తిట్టేవాడు. ఇరవై నిమిషాలంటే మా భోజన విరామం. ఆ సైరన్ సంగతి నీకు చెప్పానో లేదో, లోపలికి పిలిచేటప్పుడు రెండు నిమిషాలు ముందుగా, బయటికి వదిలేటప్పుడు రెండు నిమిషాలు ఆలస్యంగా మోగేది. దాన్ని సరిచేయించమని ఒకాయన అడిగాడు. మూడో రోజున ఆయన స్వయంగా మానుకున్నాడు.

ధ్రువపత్రం జతచేశాను. ప్రతి అక్షరమూ నా చేత్తో రాసిందేననీ, ఒక్క కొట్టివేత లేదనీ, దస్తూరీని తనిఖీకి వచ్చిన ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్నాడనీ రాశాను.

ఆశీస్సులతో, పెదనాన్న

తా.క. ఆ ఇద్దరిలో ఒకడు మగ్గం దగ్గరే కుప్పకూలి ప్రాణం విడిచాడు. వాడికి ‘స్వయంగా’ అని రాయడానికి చెయ్యి రాలేదు. రెండోవాణ్ణి నేను. తాళం వేసేనాటికి నా కారణం రాయడానికి ఎవరూ మిగల్లేదు.

*

పెదనాన్నకు నమస్కారాలు.

మీ ధ్రువపత్రం పనిచేసింది. ఇంత నమ్మకమైన రిజిస్టర్ చూడలేదనీ, తప్పులెంచకుండా ఇరవై నిమిషాలూ మెచ్చుకుంటాననీ విమర్శకుడుగారు కబురు చేశారు. మనుషులు వాళ్లంతట వాళ్లే పోతున్నప్పుడు మిల్లులు పరిహారం ఇవ్వనక్కర్లేదని దీని ఆధారంగా ప్రభుత్వానికి సిఫారసు కూడా రాస్తారట.

143వ వరస నాన్నది. చేతిలో ఉన్న ఉద్యోగాన్ని కాలదన్నాడని అమ్మ ఇరవై ఏళ్లు దెప్పింది కదా. నాన్న పోయి రెండేళ్లయినా మానలేదు. రిజిస్టర్ చూపిస్తే, నేను అనలేదా అంది.

మీ అమ్మాయి

తా.క. మీ దస్తూరీని గోడంత చేసి తెర మీద చూపిస్తాం.

*

అమ్మాయీ, ముందు ఆశీస్సులు అందుకో. తర్వాత ఆ గోడంత దస్తూరీ ఆపించు.

అక్షరాలు నావి అన్నాను గాని, నిజమనలేదు. కొత్త మిల్లులో చేరబోతే పాత మిల్లును వాకబు చేసేవాళ్లు. ‘తీసేశారు’ అని ఉంటే తగవులమారి అనుకుని గేటు దాటనిచ్చేవాళ్లు కాదు. అందుకని మేనేజరు చీటీ పంపి ఎవర్ని తీసేసినా, నేను ‘స్వయంగా మానుకున్నాడు’ అని రాశాను. నాకు పుణ్యం దక్కింది, మేనేజరుకు పరిహారం మిగిలింది. నీ ఉద్యోగం దీని మీదే ఉందన్నావు కనక ఊరుకుందామనుకున్నాను. ఆ సిఫారసు మాట చదివాక ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

పెదనాన్న

తా.క. ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్న మాట మాత్రం నిజం.

*

పెదనాన్నకు నమస్కారాలు.

వర్క్‌షాప్ అయిపోయింది. నా వ్యాసం పక్కన పెట్టి మీ ఉత్తరం చదివాను. విమర్శకుడుగారు మెచ్చుకోలు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. కేటాయించిన సమయం ఆయనది కనక నేను మాట్లాడకూడదు. ఆయనకేమో మాటల్లేవు. ఇరవై నిమిషాలూ ఇద్దరం మంచినీళ్లు తాగాం. సిఫారసు ఆగింది. నా ఉద్యోగమూ ఆగింది.

నాన్నను తీసేశారని ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. “తీసేస్తే చెప్పడా? నేనన్న మాటలన్నీ ఊరికే పడతాడా?” అంది. నాన్నను తీసేసిన చీటీ మీ దగ్గరుందా?

మీ అమ్మాయి

తా.క. నా కారణం గడిలో ఏం రాయాలో కాలేజీ గుమాస్తా నన్నే అడిగాడు.

*

తల్లీ, పెదనాన్న రాయునది.

చీటీ ఉంది. దాని మీద మీ నాన్న పేరు లేదు. నా పేరు ఉంది.

ఆ పొద్దున గేటు దగ్గర మీ నాన్న నా భుజం మీదుగా చదివాడు. “నలభై అయిదు దాటినవాణ్ణి ఇంకో గేటు రానివ్వదు అన్నయ్యా. నేనైతే ఎక్కడో దూరిపోతాను. నా పేరు రాయి,” అన్నాడు. మేనేజరుకు ఒక తల తగ్గితే చాలు, ఎవరిదైనా ఒకటే. కారణం ఏం రాయమంటావని అడిగాను. ఎప్పుడూ రాసేదే రాయమన్నాడు. ఇంట్లో చెబితే రెండు ఇళ్లకూ మాటలుండవన్నాడు. ఆ తర్వాత వాడు ఎక్కడా కుదురుకోలేదు. నేను ఇంకో తొమ్మిదేళ్లు ఆ కుర్చీలో కూర్చుని, నీ ఫీజులు కట్టి, పెద్దమనిషి అనిపించుకున్నాను.

రెండు వందల పన్నెండు వరసల్లో ఆ ఒక్కటే నిజం. నీ వ్యాసం మొత్తం తప్పు కాదమ్మా. ఒక్క మనిషి విషయంలో ఒప్పే.

మీ పెదనాన్న

తా.క. ఆదివారం వస్తున్నాను. నాకూ ఒక విమర్శకుణ్ణి కేటాయించు. మీ అమ్మ చాలు. ఎన్ని నిమిషాలన్నది ఆవిడ ఇష్టం. నేను నోరు మెదపను.