విస్తరాకు మీద ఇంగ్లీషు

2006 నవంబరు 2, ఉదయం 5.10
దీపం పెట్టాను. రాముడికి మొక్కుకున్నాను. ఇరవై ఒక్క రోజులు, రోజుకు ఐదు ఇంగ్లీషు మాటలు. అవి ఒప్పజెప్పందే చాయ్ లేదు.

కారణం: మా అడ్డాకు విస్తళ్ల సంఘంలో పన్నెండు మందిమి, విస్తళ్లు ఒత్తే మెషిన్ ఒకటే. ఇరవై నాలుగున ఢిల్లీ నుంచి, మెషిన్లిచ్చే ఆఫీసు మేడమ్ వస్తుంది. మెచ్చితే రెండోది ఇస్తారు. ఆమెకు తెలుగు రాదు. మాలో పదో తరగతి చదివింది నేనొక్కదాన్నే.

కొత్తగూడెంలో టీచరు మా చెల్లెలు శారద. గో ఆఫ్, పుట్ ఆఫ్ లాంటి ఇంగ్లీషు జంటమాటల జాబితా పంపింది. ఫోన్లో ఒకటే మాట: "కరెంటు పోతదంటే ఎవరికీ పట్టదక్కా. ఎన్ని గంటలు పోతదో చెప్పు. ఆకులు ఎన్ని అయిపోయినయో చెప్పు."

నవంబరు 3
ఐదూ వచ్చాయి.
గో ఆఫ్ ఫర్ సిక్స్ అవర్స్. కరెంటు సంగతి.
యూజ్ అప్ ఫోర్ హండ్రెడ్ లీవ్స్ ఎ డే. ఆకుల సంగతి.
పుట్ అప్ విత్ వన్ మెషిన్ ఫర్ టూ ఇయర్స్. ఇది మా ఓర్పు.
ఇంకో రెండు.
చాయ్ 5.40కి. అమృతం.

నవంబరు 6
పని చేస్తూ చదవాలని, అంచు చిరిగిన విస్తళ్ల మీద వెదురుపుల్లతో ఇంగ్లీషు వాక్యాలు గీసి గోడకు ఆనించాను. పదకొండు. మా సంఘంలోని భీమక్క చూసి, "విస్తరాకుకు గూడ నామం పెట్టినవా పెద్దక్కా?" అంది.

నవంబరు 10
మూడే. చలి.

నవంబరు 14
రెండు. ముందు చాయ్, తర్వాత మాటలు. రాముడు వరుస చూడడు.

నవంబరు 18
సున్నా. చాయ్ రెండుసార్లు.
పుట్ ఆఫ్ ఫర్ టూ డేస్, అంటే రెండు రోజులు వాయిదా వేయడం. ఇదొక్కటి బాగా పట్టుబడింది.

నవంబరు 22
మొక్కు గడువు అయిపోయింది. లెక్క చూసుకోలేదు.

నవంబరు 24, సాయంత్రం
మేడమ్ వచ్చింది. గుడ్ మార్నింగ్ అన్నాను. ఆమె మెషిన్ చూసింది, నన్ను చూసింది. మిగతా పదకొండు మందీ నన్నే చూశారు. లోపల రామనామం తప్ప ఒక్క ఇంగ్లీషు మాటా లేదు.

భోజనానికి కూర్చోబెట్టాం. భీమక్క వడ్డించింది. మేడమ్ అన్నం సగం తిని ఆగింది. పప్పు పక్కకు జరిపింది. విస్తరాకును చదవసాగింది.

నా గీతలే. రెండేళ్లు, ఒక్క మెషిన్.

భీమక్కను పక్కకు లాగాను. "రాసినయి పెద్దోళ్లకే పెట్టాలె గదా అని పెట్టిన. కడిగే పెట్టిన తల్లీ" అంది. ఆమెకు చదువు రాదు. నాకు వచ్చీ ఏం లాభం?

మేడమ్ "ట్రూ?" అంది.
"అవ్" అన్నాను.

మిగతావి కూడా తెమ్మంది. అన్నం లేకుండా. అన్నీ చదివి పుస్తకంలో రాసుకుంది. ఆరు గంటలు. నాలుగు వందల ఆకులు. చివరిదాని మీద, చాయ్ పది రోజులు సగానికి తగ్గించాను అని ఉంది. కట్ డౌన్ మాట కోసం గీసింది. చదివి నా చేతిలో నిండు చాయ్ గ్లాసు వైపు చూసింది. ఇద్దరం నవ్వాం.

డిసెంబరు 9
ఉత్తరం వచ్చింది. జనవరిలో రెండో మెషిన్. మేడమే వచ్చి మొదలుపెడుతుందట. నేను ఐదు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాలట.

భీమక్క అంది: "ఈసారి పాయసం దొప్పల మీద గూడ రాయి పెద్దక్కా. మస్తు జాగ ఉంటది."

డిసెంబరు 10, ఉదయం 5.10
దీపం పెట్టాను. ఇరవై ఒక్క రోజులు, రోజుకు ఐదు. అవి ఒప్పజెప్పాకే చాయ్.

5.25. మూడు వచ్చాయి. పొయ్యి మీద చాయ్ నీళ్లు మరుగుతున్నాయి.