యాదోను కోసం దాచిన రొట్టె

ప్రియమైన కెజీయా అక్కకు,

క్షేమమా? మీ లెక్కలో పండగ ఇంకా నాలుగు రోజులుంది కాబోలు. మాకిక్కడ అయిపోయింది. నవ్వకు. పండగ ఏ రోజన్న తగవుతోనే కదా మా సమాజం పెద్దలు దేవాలయాన్నీ అక్కడి యాజకులనీ కాదనుకుని ఈ ఉప్పు సముద్రం ఒడ్డుకి వచ్చేశారు. వాళ్ళతో ఉంటున్న ఈ తొమ్మిదేళ్ళలో ఆ లెక్క తప్పని నాకెప్పుడూ అనిపించలేదు.

ఒక సంగతి అడగాలి. గ్రంథాలకు నకళ్ళు రాసే గదిలో యాదోను అని నా పక్కన కూర్చునేవాడు. నెల కిందట సమాజం అతన్ని వెలి వేసింది. ఇక్కడ చేరేటప్పుడు అందరం ప్రమాణం చేస్తాం, మావాళ్ళ చేతులు వండిందీ మా యాజకుడు దీవించిందీ తప్ప ఇంకేదీ నోట పెట్టబోమని. వెలి పడ్డా ఆ ప్రమాణం తెగదు. మావాళ్ళు పెట్టరు, బయటివాళ్ళు పెడితే అతను తినడు. మిగిలింది గడ్డి. లోయలో వంగి గడ్డి పీక్కుంటుంటే కళ్ళారా చూశాను. ఇప్పుడక్కడ లేడు. కానీ భోజనానికి కూర్చుంటే చాలు, ఆ నమిలే చప్పుడు నా చెవిలో పడుతోంది.

యెరూషలేము దారి పట్టాడని ఉప్పు గాడిదలు తోలే టోబీయా అన్నాడు. మీ వీధిలో కనిపిస్తే రాయి. ఉత్తరం సంగతి ఎవరితోనూ అనకు.

నీ తమ్ముడు,
హిల్కీయా

*

నా బంగారు తమ్ముడు హిల్కీయాకు,

నా ఉత్తరానికి జవాబు రాయడానికి నీకు ఐదు నెలలు పట్టింది. అదీ ఇంకొకడి కోసం. సర్లే.

అతను మా గుమ్మంలోనే ఉన్నాడు. ఆరు రోజులైంది. తెల్లబట్ట, నడుముకి మీరంతా కట్టుకు తిరిగే చిన్న పార, చూడగానే మీవాడని తెలిసిపోయింది. సిలువ మీద పోయి మళ్ళీ లేచిన మా గురువుని తలుచుకుని మేం సాయంత్రాలు రొట్టె విరుస్తాం కదా, బయట కూర్చుని అదే చూస్తుంటాడు. మొదటి రోజు నవ్వాడు కూడా.

"మా దగ్గరా ఇంతేనమ్మా. ముందు యాజకుడు చెయ్యి చాపుతాడు, తర్వాతే మేం. మీరూ నీళ్ళలో మునుగుతారు, మేమూ మునుగుతాం. ఉన్నది నలుగురం పంచుకుంటాం. మేం వస్తాడని చూస్తున్నవాడు వచ్చేశాడంటారు మీరు. అంతేగా తేడా?"

"అంతే అయితే ఈ ముక్క తినవయ్యా బాబూ!"

"నోరు ఒప్పుకోదమ్మా. మాటిచ్చాను."

పచ్చి గోధుమలు పోశాను. అవీ నా చేతి మీదుగా వచ్చినవేనని ముట్టలేదు. గోడ వారన గడ్డి మొత్తం అయిపోయింది. "మేకని కట్టేశావేంటే కెజీయా?" అంది పొరుగావిడ. నవ్వబోయి ఏడ్చేశాను.

ఒరేయ్, మీ బల్ల మీది రొట్టె ఒక్కటంటే ఒక్కటి పంపలేవా? అదైతే తింటాడు కదా. మనిషి కళ్ళ ముందే పోయేలా ఉన్నాడు.

నీ అక్క,
కెజీయా

*

అక్కా,

టోబీయా తెచ్చిన మూటలో రొట్టె ఉంది. నా వంతుదే, తినకుండా చంకలో దాచాను. మూట నువ్వు విప్పకు, టోబీయానీ విప్పనివ్వకు. ఇంకో చెయ్యి తగిలిందంటే యాదోను తినడు.

వెలి పడ్డవాడికి తిండి పెడితే పెట్టినవాడికీ వెలే. అయినా ఎందుకు తెగించానో చెప్పాలి. మీ మునక గురించీ మీ రొట్టె గురించీ నువ్వు రాసిన ఉత్తరం యాదోనుకి చదివి వినిపించింది నేనే. "వాళ్ళ నీళ్ళూ మన నీళ్ళూ ఒకే ఊటవిలా ఉన్నాయిరా" అన్నాడు. ఆ మాట పొక్కితే నా పీకకి చుట్టుకుంటుందని భయపడి, నేనే ముందు సభలో లేచి అతని మీద చెప్పాను. అతను ఉత్తరం ఊసే ఎత్తలేదు. నా మొహంలోకి చూశాడు, అంతే. రాస్తున్నా, కడుక్కుంటున్నా, ప్రార్థనలో ఉన్నా ఆ చూపు నా వెనకాలే ఉంటోంది.

తిన్నాడని ఒక్క ముక్క రాయి.

హిల్కీయా

*

తమ్ముడూ,

తిన్నాడు. నెమ్మదిగా, తుంచుకుని తుంచుకుని తిన్నాడు. నీ మీద కోపం లేదన్నాడు. ఇక నిశ్చింతగా ఉండు నాన్నా.

అక్క

*

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చదివాక నా కాళ్ళు నేల మీద నిలవలేదు. అలాగే సభలోకి వెళ్ళి అంతా చెప్పేశాను. "యాదోను బతికున్నాడు, మన రొట్టే తిన్నాడు, ప్రమాణం తప్పలేదు. తప్పు నాది, అతన్ని వెనక్కి పిలవండి" అన్నాను.

"తప్పు నీదైతే నువ్వు నడువు బయటికి" అన్నాడు పెద్దాయన.

యెరికో బయట టోబీయా గాడిదల కొట్టంలో ఉండి రాస్తున్నాను. నాకిది తొమ్మిదో రోజు. గడ్డి మరీ అంత చేదేం కాదు కానీ కడుపులో నిలవడం లేదు. ఓపిక చూసుకుని బయల్దేరతాను. మీ గుమ్మంలో ఇద్దరికి చోటుంటుందా? ఇన్నాళ్ళు ఎలా నెట్టుకొచ్చాడో యాదోనునే అడిగి నేర్చుకోవాలి. నువ్వు మాత్రం నాకు రొట్టె పెట్టాలని చూడకక్కా. నేనూ మాటిచ్చినవాణ్ణే.

నీ తమ్ముడు,
హిల్కీయా

*

హిల్కీయా,

నేను రాసింది అబద్ధం. నీ మూట వచ్చేసరికి యాదోనుని పాతిపెట్టి నాలుగు రోజులైంది. ఆఖరి రోజున రొట్టె ముక్క పెదాలకి ఆనిస్తే మొహం తిప్పుకున్నాడు. నీ పేరు ఎత్తలేదు. కోపం లేదన్న మాట నేను కల్పించిందే. నీ మనసు కుదుటపడుతుందని రాశాను. అది పట్టుకుని సభలో లేచి నిలబడతావని నాకేం తెలుసురా?

మూట విప్పలేదు. నువ్వు వేసిన ముడి వేసినట్టే ఉంది. అదే టోబీయా చేత పంపుతున్నాను. మీవాళ్ళు కాల్చింది, మీ యాజకుడు దీవించింది, నీ చెయ్యి తప్ప వేరే చెయ్యి పడనిది. మాట తప్పకుండా నువ్వు తినగలిగిన రొట్టె ఈ లోకంలో ఇదొక్కటే మిగిలింది. ఎండిపోయి ఉంటుంది, నీళ్ళలో నానబెట్టుకో. చనిపోయినవాడి కోసం దాచింది ఎలా తినననకు. తిను. మా ఇంటిదాకా నడవడానికి సరిపోతుంది.

ఆ తర్వాత ఉండేది నా చేతి రొట్టే. అది తింటే మాట తప్పినవాడివవుతావు. అవ్వు. నేను అబద్ధమాడినదాన్ని, నువ్వు మాట తప్పినవాడివి, ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుందాం. ఇంకోణ్ణి పాతిపెట్టే ఓపిక నాకు లేదు.

వచ్చాక గుమ్మంలో మాత్రం కూర్చోకు. పొద్దున్నే ఊడుస్తుంటే నాకు దారిచ్చి ఎవరో పక్కకి జరుగుతున్నారు. అక్కడ యాదోను ఉన్నాడు. నువ్వు లోపలికి రా.

నీ అక్క,
కెజీయా