హార్నర్ వీధిలో వెనక గేటు గడియ

కాలింగ్‌వుడ్,
గురువారం, 15 అక్టోబరు 1998.

చిరంజీవి జాసింటాకు,

మీ అమ్మమ్మ దీవించి రాసేది. నేను క్షేమం. మోకాలు మామూలే. చర్చి దాకా నడవగలను, మెట్లే ఎక్కలేను. మీ అమ్మ పంపిన నిమ్మకాయలు అందాయి. పదకొండు బాగున్నాయి, రెండు కుళ్ళాయి.

మీరంతా కలిసి రాసిన మన పేట చరిత్ర పుస్తకం అచ్చు ప్రతి మొన్న సోమవారం వచ్చింది. ఈ నెల 25న దాన్ని నేనే ఆవిష్కరించాలని అడిగారు కదా. ముప్పై ఎనిమిదేళ్ళు బళ్ళో పాఠం చెప్పినదాన్ని, ఎర్ర సిరా లేకుండా చదవలేను. తొమ్మిది తప్పులు దొరికాయి. బూట్ల ఫ్యాక్టరీ పొగగొట్టం కూల్చింది 1962లో కాదు, 1964లో. అలాంటివి ఎనిమిది. అవి దిద్దుకోవచ్చు. ముప్పై ఒకటో పేజీ మాత్రం దిద్దితే పోయేది కాదు.

అది 1931 ఆగస్టు 15, శనివారం. నాకు తొమ్మిదేళ్ళు. నాన్నకు పనిలేక అద్దె ఆగిపోయింది, ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. అది అడ్డుకోవడానికి హార్నర్ వీధివాళ్ళు ముప్పై మంది మూడు రోజులు మా ఇంట్లోనే కూర్చున్నారు. ముందు తలుపుకు పియానో అడ్డం పెట్టారు. వెనక గేటుకు నాన్న స్వయంగా గడియ వేశాడు. అయినా ఒంటిగంటకు పోలీసులు వెనక సందులోంచే వచ్చిపడ్డారు. నాన్న చెయ్యి విరిగింది. సామానంతా వానలో తడిసింది.

గడియ తీసింది సందుకు అవతలింటి ఆంబ్రోస్ డెలహంటీయేనని వీధంతా ఒక్కమాటగా అంది. ఆ పొద్దున అతను ఒక పోలీసుతో మాట్లాడుతుంటే చూసినవాళ్ళున్నారు. మా పక్కింటి మిసెస్ మల్లాలీ అతని గుమ్మం ముందు నిలబడి, “ఏమయ్యా ఆంబ్రోసూ, పిల్లల మంచాలు రోడ్డున వేయించావు, నీకేం బహుమానం ఇచ్చారు, టోపీయా తోకా?” అని అరిచింది. “వాడు మా ఆవిడ తమ్ముడమ్మా! బావమరిదిని పలకరించడం కూడా తప్పేనా?” అని అతను మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు. అంగట్లో వాళ్ళ పక్కన నిలబడేవాళ్ళు లేరు, చర్చిలో వాళ్ళ బల్ల మీద కూర్చునేవాళ్ళు లేరు. పదకొండో వారంలో ఇల్లు వదిలి పోయారు.

ఈ కథ నీకు ఏడో ఏట నుంచి చెబుతున్నాను. ఫిబ్రవరిలో మూడు బుధవారాలు నీ టేపు ముందు కూర్చుని చెప్పాను. నువ్వేం చేశావు? నాతో ఒక్క మాట అనకుండా బల్లారట్ వెళ్ళి, డెలహంటీ కూతురు రీటాను వెతికి పట్టుకున్నావు. “మా పెరటి మరుగుదొడ్డి కప్పు మీద కూర్చుని నా కళ్ళతో చూశాను. గడియ తీసింది ఆ ఇంటి పిల్లే” అని ఆవిడ అన్న మాట నా మాట పక్కనే, అదే సైజు అక్షరాల్లో అచ్చు వేశావు. పైగా, “పసిపిల్ల పేరు బయటపెట్టకే, మనం ఎలాగో తట్టుకుంటాం” అని వాళ్ళ నాన్న అన్నాడట! అంతటి పుణ్యాత్ముడు మా సందులో ఉన్నాడని మాకు తెలియకపోయింది.

మార్చి 18న ఆవిడ మాటలు టేపు చేశావని పుస్తకంలోనే ఉంది. ఆనాటి నుంచి నిన్నటికి ముప్పై ఒక్క బుధవారాలు. అన్నిసార్లూ నా బల్ల దగ్గర నేను కాల్చిన స్కోన్లు తిని, “ఇంకో కప్పు టీ పోయనా అమ్మమ్మా?” అన్నావు. నిన్న నిలదీస్తే, “రెండు వైపులా వినాలని నువ్వే కదా నేర్పావు!” అన్నావు. నేర్పాను. ఇంట్లోవాళ్ళను వీధిలో నిలబెట్టమని నేర్పలేదు. శత్రువు చేస్తే తట్టుకునేదాన్ని. నేను ఎత్తుకుని పెంచినదానివి నువ్వు.

ఆ పేజీ తీసెయ్యి. తియ్యకపోతే ఆవిష్కరణకు వేరెవరినైనా చూసుకోండి.

ఇట్లు,
నీ మీద నమ్మకం పోయిన అమ్మమ్మ,
ఫిలొమీనా టియర్నీ

తా.క. శుక్రవారం. అంటించిన కవరు మళ్ళీ చింపాను.

శనివారం మధ్యాహ్నం మా వీధిలో ఎవరూ వెనక గేటుకు గడియ వేసేవారు కాదు. సందులో దొంగతనంగా గుర్రప్పందేలు కట్టించుకునే జిమ్మీ ఉండేవాడు. పోలీసులు తరిమితే అతను ఏదో ఒక ఇంట్లో దూరి పారిపోవాలి. పన్నెండు గంటలకు ఫ్యాక్టరీ కూత వినగానే మా గడియ తియ్యడం నా పని. ఒక్క శనివారమూ మరిచిపోలేదు. ఆ శనివారమూ మరిచిపోలేదు.

సాయంత్రం, తడిసిన పరుపు మీద కూర్చుని అమ్మ నా మొహం తన వైపు తిప్పుకుంది. “గడియ ఎవరు తీశారో నాకు తెలుసు. నీకు తెలియదు. అర్థమైందా?” అంది. మర్నాడు డెలహంటీల తలుపు మీద సుద్దతో ‘కుక్క’ అని రాసి ఉంది. అది మా అమ్మ చేతిరాత. సుద్ద నా బడి సంచిలోది.

సోమవారం బళ్ళో రీటా నా వైపు చూసింది. నేను పలక వైపు చూశాను. అరవై ఏడేళ్ళుగా అదే చేస్తున్నాను.

ముప్పై ఒకటో పేజీ తియ్యకు. ‘ఆ ఇంటి పిల్ల’ అన్నచోట పేరు వెయ్యి. అప్పటి పేరు ఫిలొమీనా కుసాక్, ‘స’ ఒకటే. 25న నేను వస్తాను. రీటాను పిలువు. రావడం, రాకపోవడం ఆవిడ ఇష్టం.