ఎత్తిన జెండా

పాత యలహంక,
జూన్ 9, 2025

అక్కా,

నువ్వూ బావా బాగున్నారని తలుస్తాను. పొద్దున ఫోన్లో మాట్లాడినవాడు సాయంత్రం ఉత్తరం రాయడమేమిటని నీకు వింతగా ఉంటుంది. ఫోన్లో నువ్వు ఒక్కసారి "ఊఁ" అంటే చాలు, నేను మాట మార్చేస్తాను. ఈ వారంలో మూడుసార్లు అలాగే మార్చాను. చింతామణిలో వాన పడిందా అన్నాను, బావ విత్తనాల అంగడి ఎలా నడుస్తోందన్నాను. కాగితం మీద నువ్వు ఊఁ కొట్టలేవు.

కూర్చోలేకపోతున్నానక్కా. ఈ నాలుగు వాక్యాలకే రెండుసార్లు లేచి మిద్దె మీదికి వెళ్ళొచ్చాను. వర్క్‌షాపులో కస్టమర్ కారు గురించి చెబుతుంటే సగంలో లేచి వెళ్ళిపోయానట. అన్నం ముందు కూర్చుంటే కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి. అమ్మ చూసి, "యాల నాగా, జరమొచ్చిందా?" అని నుదురు పట్టుకుని చూసింది.

నేను ఆదివారాలు కార్ల రేసుకు వెళ్తానని నీకు తెలుసు, అక్కడి పద్ధతులు తెలియవు. మావి పెద్ద పోటీలు కావు. వారమంతా ఉద్యోగాలు చేసుకుని, పాత కార్లలో ఇనుప చట్రం బిగించుకుని తోలేవాళ్ళ క్లబ్బులు. ఏ క్లబ్బు రూలు ఆ క్లబ్బుది. మా యలహంక క్లబ్బులో ఇద్దరు పాత సభ్యులు సంతకం పెడితే సభ్యత్వం ఇస్తారు. సభ్యత్వం ఉన్నంత మాత్రాన కారు తోలనివ్వరు. దానికి లైసెన్సు వేరే. ముందు నాలుగు పోటీల్లో మార్షల్‌గా నిలబడాలి. మార్షల్ అంటే ట్రాకు మలుపు దగ్గర జెండాలు పట్టుకుని ఉండే మనిషి. పసుపు జెండా ఎత్తితే జాగ్రత్త అని, ఎరుపు ఎత్తితే పోటీ ఆగింది, వేగం తగ్గించమని. ఆ పైన డాక్టరు సర్టిఫికెట్టు. ఇన్ని చేసి తెచ్చుకున్న లైసెన్సు వర్తూరు క్లబ్బులో చెల్లదు. వాళ్ళు రంగు అట్టలు చూపించి పరీక్ష పెడతారు. ఆనేకల్ క్లబ్బుకైతే కంటి డాక్టరు కాగితం కావాలి. అందుకే నేను మూడేళ్ళు యలహంక దాటలేదు. "సొంత ట్రాకు గూడా లేని క్లబ్బులో ఎన్నాళ్ళుంటావప్పా" అని స్నేహితులు అంటే నవ్వేవాణ్ణి. పోయిన ఏడాది చివర మూడు క్లబ్బులూ కలిసి ఇకపై అందరికీ ఒకటే లైసెన్సు, ఒకటే ఫారం అన్నాయి. అందులో ఏడో ప్రశ్న: రంగులు గుర్తించడంలో లోపం ఉందా? 'లేదు' అని రాశాను.

ఉందక్కా. ఎరుపుకూ ఆకుపచ్చకూ నాకు తేడా తెలియదు. రెండూ బురద కలిపినట్టు ఒకేలా ఉంటాయి. సిగ్నల్ దగ్గర పైదా కిందిదా అని చూసి తోలతాను. మార్షల్‌గా నిలబడినప్పుడు పెట్టెలో జెండాల వరసను గుర్తు పెట్టుకున్నాను. ఈ కొత్త లైసెన్సుకు పెట్టే కంటి పరీక్షలో చుక్కల మధ్య అంకెలున్న బొమ్మలు చూపిస్తారు. అవే బొమ్మలు ముందే సంపాదించి, ఏ పేజీలో ఏ అంకె ఉందో వారం రోజులు బట్టీపట్టి వెళ్ళి అప్పజెప్పాను.

జూన్ ఒకటో తేదీ ఆదివారం మధ్యాహ్నం ఆనేకల్ దాటాక ఉన్న ట్రాకులో ప్రాక్టీసు. మూడో మలుపులో అభిజిత్ అనే కుర్రాడి కారు గిర్రున తిరిగి అడ్డంగా ఆగిపోయింది. అతను దిగి దూరంగా నడుస్తున్నాడు. అక్కడ మార్షల్‌గా రంజిత అనే అమ్మాయి ఉంది. ఎర్ర జెండా ఎత్తింది. ఆమె వెనకాల ఎండకు కట్టిన ఆకుపచ్చ వల. మా క్లబ్బు పోటీలు బీడు నేలలో జరుగుతాయి, జెండా వెనక ఆకాశమే ఉంటుంది, కదలిక చూసి నెట్టుకొచ్చేవాణ్ణి. ఇక్కడ వలలో జెండా కలిసిపోయింది. అదే వేగంతో మలుపు తిరిగాను. స్టీరింగ్ ఎలా తిప్పానో నాకే తెలియదు. అభిజిత్‌కూ నా కారుకూ మధ్య రెండు బారల దూరం. అతను అక్కడే కూలబడ్డాడు. దెబ్బ ఎవరికీ తగల్లేదు.

గంటలో విచారణ పెట్టారు. గురుమూర్తి గారని, మూడు క్లబ్బుల ఉమ్మడి కార్యదర్శి. "జెండా ఎత్తినారా లేదా?" అన్నాడు. "నాకు కనబడలేదు సార్," అన్నాను. అది నిజం. ఆయన కాగితం మీద రాసుకుంటూ, "అంటే ఎత్తలేదు, అంతే గదా?" అన్నాడు. నేను తల ఊపాను. అంతే అక్కా, తల ఊపాను.

"నేను ఎత్తినాను సార్. రెండు చేతుల్తో ఎత్తినాను," అంది రంజిత. అభిజిత్ అటు తిరిగి నడుస్తున్నాడు, చూడలేదు. ఆ మలుపులో కెమెరా లేదు. నాకు ఇన్నేళ్ళ మంచి పేరుంది. ఆమె కొత్త. అది ఆమె నాలుగో డ్యూటీ, అది ముగిస్తే లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకునేది. నాలుగూ కొట్టేశారు. ఏడాది పాటు ట్రాకు మీదికి రాకూడదన్నారు.

మొన్న శుక్రవారం సెలవు పెట్టి ఆనేకల్ వెళ్ళాను. ఆమె ఒక మందుల షాపులో పని చేస్తుంది. చెప్పేద్దామనే వెళ్ళాను. కౌంటరు ముందు నిలబడి తలనొప్పి మాత్ర అడిగాను. ఆమె ఇచ్చింది. చిల్లర చేతిలో పెడుతూ, "సార్, ఆ పొద్దు మీకు నిజంగా కనబళ్ళేదా?" అంది.

"లేదు," అన్నాను.

"అయితే నేనే సరిగా ఎత్తలేదేమో. భయంలో ఎత్తినాననుకుండానేమో," అంది.

కోపంగా అనుంటే ఏదో ఒకటి చేసేవాణ్ణి. ఆమె నా అబద్ధాన్ని నమ్మేసింది. ఆ మాట ఇంతకుముందు ఎక్కడో విన్నాను అనిపించింది. బండి మీద తిరిగొస్తుంటే గుర్తొచ్చింది. నువ్వన్నావు. పద్నాలుగేళ్ళ కింద, వంటింట్లో, గోడకానుకుని. "నేనే సరిగా చెప్పలేదేమోలే."

ఎయిర్‌ఫోర్స్ పరీక్షలో నేను లెక్కల్లో పోలేదక్కా. రాత పరీక్ష పాసయ్యాను. కళ్ళ పరీక్షలో పోయాను. ఇది తల్లి వైపు నుంచి వస్తుందని అక్కడి డాక్టరు చెప్పాడు. నాయన అమ్మను అంటాడని దాచానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. ఇక్కడి ఎయిర్‌ఫోర్స్ విమానాల చప్పుడు కింద పెరిగి, అందులో చేరతానని వీధంతా చెప్పుకుని, చివరికి నాలో లోపముందని నోటితో అనలేకపోయాను. లెక్కలు పోయాయంటే తేలిగ్గా ఉంది. ఆరు నెలలు తెల్లవారుజామున లేపి లెక్కలు చెప్పినదానివి నువ్వని ఆ క్షణంలో తోచలేదు. నాయన నిన్ను చూసి, "నువ్వు చెప్పిన లెక్కలు గదా, ఇంగేమయితాది," అన్నప్పుడు తోచింది. అప్పుడైనా చెప్పొచ్చు. అన్నం తింటూ కూర్చున్నాను.

నన్ను క్షమించు. ఏం చెయ్యాలో చెప్పు. నువ్వేం చెబితే అది చేస్తాను.

నీ తమ్ముడు,
నాగేంద్ర


చింతామణి,
జూన్ 14

నాగా,

నీ ఉత్తరం అంగడిలో కూర్చుని చదివాను. టమాట విత్తనాలకు వచ్చిన ఆవులప్పకు మిరప విత్తనాలు కట్టిచ్చానట. సాయంత్రం ఆయన తిరిగొచ్చి అడిగితే మీ బావ నా మొహం చూశాడు.

నాకు బీఎడ్ సీటు వచ్చిన సంగతి నీకు తెలుసు. చేరలేదనీ తెలుసు. ఎందుకు చేరలేదని నువ్వు ఒక్కసారీ అడగలేదు. పెళ్ళి కుదిరిందని అందరూ అనుకున్నారు. పెళ్ళి ఆ తరవాత తొమ్మిది నెలలకు కుదిరింది. సొంత తమ్ముడికే చెప్పడం చేతగానిదాన్ని ఊరి పిల్లలకేం చెబుతాననుకుని కాగితాలు బీరువాలో పెట్టేశాను. ఇక్కడ పక్కింటివాళ్ళు లెక్క తెస్తే మరిచిపోయానని పంపేస్తాను. మరిచిపోలేదు. చూడగానే జవాబు తోస్తుంది. తోచింది తప్పేమోనని భయం.

క్షమించమన్నావు. ఇప్పుడు నావల్ల కాదు. కాదని రాయడానికి నాకు బాధగా కూడా లేదు. నువ్వు తల్లడిల్లుతున్నావని రాశావు, రెండు వారాలకే. నేను నిమ్మళంగా ఉన్నాను, ఎందుకంటే నాకు అలవాటైపోయింది.

ఏం చెయ్యాలని నన్నడగకు. అది కూడా నా మీద వేస్తావా? అయినా ఒకటి చెబుతాను. ఆ పిల్ల వింటుండగా, ఆ మనుషుల ముందరే చెప్పు. విడిగా పిలిచి చెవిలో చెప్పొద్దు. నాయనకు చెబుతావో లేదో నీ ఇష్టం. నేను మాత్రం చెప్పను.

కళ్యాణి


పాత యలహంక,
జూన్ 23, తెల్లవారుజాము

అక్కా,

నిన్న ఆదివారం మూడు క్లబ్బుల కమిటీ వర్తూరులో కూర్చుంది. రంజితను కూడా పిలవమని ముందే గురుమూర్తి గారికి ఫోన్ చేసి అడిగాను. ఆమె వాళ్ళమ్మతో వచ్చి వెనక వరసలో కూర్చుంది. నా వంతు వచ్చేదాకా నేను వరండాలో తిరుగుతూనే ఉన్నాను. కాపలా ఆయన, "కూచోండి సార్, తల తిరుగుతాది నాకు," అన్నాడు.

లోపలికి వెళ్ళి మొదట అసలు వాక్యమే చెప్పాను. "ఆమె జెండా ఎత్తింది. నాకు ఎరుపు కనబడదు. ఫారంలో అబద్ధం రాశాను. ఇక్కడ కూడా అబద్ధానికి తల ఊపాను." తరవాత ఏం చెప్పానో సరిగా గుర్తులేదు. అభిజిత్ లేచి నిలబడ్డాడు, కొడతాడేమో అనుకున్నాను. తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయాడు. కొట్టినా బాగుండేది.

గురుమూర్తి గారు చాలాసేపు ఫారం తిరగేశాడు. "ఏమప్పా, నాలుగో పేజీ చదవనే లేదా నువ్వు? రంగులు తెలీనోళ్ళకు వేరే లైసెన్సు ఉండాది. ఒక్కో కారూ ఒంటిగా పొయ్యే టైమ్ పోటీలకు. ఆడ జెండాలతో పనేముండాది? ముందే చెప్పుంటే సుమ్నే, ఏ గొడవా లేకుండా ఇచ్చేసుండేవాళ్ళం," అన్నాడు. ఏడో ప్రశ్న దగ్గరే ఆగిపోయినవాణ్ణి, నాలుగో పేజీ ఎందుకు చదువుతాను? ఇప్పుడు అదీ లేదు. లైసెన్సు రద్దు. అబద్ధం రాసినందుకు సభ్యత్వం మూడేళ్ళు నిలిపేశారు. మూడేళ్ళ తరవాత కూడా కమిటీ ఒప్పుకుంటేనే. రంజిత నాలుగు డ్యూటీలూ తిరిగి రాశారు, దరఖాస్తు అక్కడికక్కడే తీసుకున్నారు. ఆమెను తప్పుబట్టినందుకు అందరి ముందూ గురుమూర్తి గారు క్షమాపణ చెప్పాడు.

బయట ఆమె నా దగ్గరికి వచ్చింది. థాంక్స్ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు.

"ఆ పొద్దు షాపులో ఎందుకు చెప్పలేదు సార్?" అంది.

"ధైర్యం చాల్లేదమ్మా."

"ఇన్ని దినాలూ అద్దం ముందర నిలబడి చెయ్యెత్తి చూసుకుంటా ఉన్న్యాను. ఎంత ఎత్తుకు ఎత్తినానా అని. మాయమ్మ నాకు పిచ్చి పట్టిందనుకునె," అంది. ఇంకేమైనా అంటుందని నిలబడ్డాను. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని బస్ స్టాపు వైపు వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చాక ఆగలేదు. ఆగితే మళ్ళీ పద్నాలుగేళ్ళు పడుతుందనిపించింది. నాయన టీవీ చూస్తున్నాడు. ఆపేసి చెప్పాను. తల్లి వైపు నుంచి వస్తుందన్న మాట కూడా దాచలేదు. అమ్మ భయపడుతుందనుకున్నాను. ఆమె నవ్వింది! "మా నాయనకు గూడా ఇంతే గదా. పండు మిరపకాయలు తెమ్మంటే పచ్చివి తెస్తా ఉండె. మేమంతా నగుతా ఉంటిమి. దానికి పేరు గూడా ఉండాదా?" అంది. ఇంత చిన్న మాటకా నేను ఇన్నేళ్ళు దడుచుకున్నది అనిపించి ఏడుపొచ్చింది.

నాయన నా కళ్ళ గురించి ఒక్క మాటా అడగలేదు. ముప్పై ఏళ్ళు సిటీ బస్సు తోలిన మనిషి, సిగ్నల్ ఎలా చూస్తావని అడుగుతాడనుకున్నాను. నా వైపు తిరిగి, "అయితే లెక్కల్లో పాసయినావా?" అన్నాడు.

"పాసయ్యాను నాయనా. అన్నిటికంటే లెక్కల్లోనే ఎక్కువొచ్చాయి."

"అంటే పాప బాగానే చెప్పినాది."

"బాగా చెప్పింది."

తరవాత అన్నం కూడా తినకుండా పడుకున్నాడు. ఆయన మంచం మీద అటూ ఇటూ పొర్లడం నా గదిలోకి వినిపిస్తూనే ఉంది. ఇందాక నాలుగున్నరకు లేచి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని హాల్లో నిలబడ్డాడు. "చింతామణికి మొదటి బస్సు ఎన్నింటికిరా?" అన్నాడు. నేనూ వస్తానంటే, "నువ్వు యాల? అన్నింది నేను గదా," అన్నాడు. అమ్మ ఏదో డబ్బాలో పెట్టి ఇవ్వబోతే వద్దన్నాడు. ఉత్త చేతులతో వస్తున్నాడు.

ఆయన చెప్పులు వేసుకునేలోగా ఈ ఉత్తరం ముగించి ఆయన జేబులోనే పెడుతున్నాను. నన్ను క్షమించమని ఈసారి అడగడం లేదు. నాయనకు మాటలు చేతకావు, నీకు తెలుసు. గడప దగ్గర నిలబడి ఎండ గురించో బస్సు గురించో మొదలుపెడతాడు. నువ్వు వెంటనే లేచి కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళొద్దక్కా. ఎదురుగా కూర్చో. ఎంతసేపైనా సరే, ఆయన్నే చెప్పనివ్వు.

నాగ