మగ్గాలింటి పిల్ల ఆఖరి బంతి

తిరుచానూరు,
అక్టోబరు 12, 2025.

నగరి హైస్కూలు మాజీ డ్రిల్లు మాస్టరు, ప్రస్తుతం చిత్తూరులో కంటికి పచ్చగుడ్డ కట్టుకుని మంచమెక్కిన మహారాజశ్రీ రాజారత్నం గారి సముఖానికి, ఆ హైస్కూలు ఎదురుగానే టీ అంగడి పెట్టుకుని, ఏడో తరగతితోనే చదువుకు దండం పెట్టేసిన బాల్యమిత్రుడు గోవిందస్వామి వంగి వంగి నమస్కరించి రాయడమేమనగా:

ఇక్కడ ఒక ఘోరం జరిగిపోయింది. నిన్న మధ్యాహ్నం లాడ్జి మెట్ల మీద నా ఎడమకాలి చెప్పు తుదిశ్వాస విడిచింది. కుడికాలి చెప్పు తీరని దుఃఖంలో ఉంది. పూలమ్మే నాగులమ్మ మాల కట్టే అరటినారతో నాలుగు ముళ్లు వేసి దానికి మళ్లీ ప్రాణం పోసింది. నువ్వు ధైర్యంగా ఉండాలి.

చెల్లెమ్మా పంకజాక్షీ, చదవడం ఒక్క నిమిషం ఆపి నీ మొగుడి మొహం చూడు. పళ్లు కొరుకుతున్నాడా? అయితే మందు బాగా పనిచేస్తోంది. ఇక ముందుకు చదువు.

సరే రత్నం, బాస్కెట్‌బాల్ మ్యాచ్ సంగతికి వస్తాను. ఆపరేషన్ కంటితో ఫోనూ టీవీ చూడొద్దన్నారు కాబట్టి నా కళ్లే నీకు గతి. నోటితోనే చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే నా గొంతు వినగానే ఏది నిజమో ఏది కోతో పట్టేస్తావు. కాగితానికి ఆ ఇబ్బంది లేదు.

డబ్బులిచ్చి ఆడించే జట్టులో నీ శిష్యురాలు లోహితకి ఇదే మొదటి ఆట కదా. జట్టులో ఖాళీ మాత్రం ఒక్కటే. కొత్త పిల్లలు ఇద్దరు. మన లోహిత, గూడూరు నిమ్మకాయల మండీ వాళ్ల నందిని. ఇద్దరినీ దించి చూసి ఒకర్ని ఉంచుకుంటారు, ఇంకొకరిని ఇంటికి పంపుతారు. ఆ నందిని ఎంత పొడవుందంటే, లాడ్జిలో ఫ్యాను ఆపకుండా చెయ్యెత్తకూడదు. మనది దాని భుజం దాకా కూడా రాదు. లోహితను పవర్‌లూమ్ షెడ్డు నుంచి గ్రౌండుకు తెస్తానని నువ్వు వాళ్ల నాయన సుబ్రమణ్యాన్ని ఒప్పించిన రోజు, రింగు కిందికి దించుతారా, పిల్లను సాగదీస్తారా అని నా అంగడిలో ఎంత నవ్వారో నీకూ తెలుసు.

పిల్లల్ని ఎంచడానికి జట్టు తరఫున వచ్చినావిడ పేరు కల్యాణవల్లి మేడం. నేను చొక్కా జేబులో రెండు పెన్నులు పెట్టుకుని, నేనూ ఎంచడానికే వచ్చినట్టు దర్జాగా ఆమె పక్కన కూర్చున్నాను. నా పక్కన సుబ్రమణ్యం. వాడు మ్యాచ్ మొదలుకాకముందే చెమటతో తడిసిపోయాడు.

ఆట మొదలైంది. నందిని వేసిందల్లా రింగులో పడుతోంది. మన పిల్ల అటు పరుగు, ఇటు పరుగు, నోట్లోంచి మాట లేదు. మేడం మొహం చిట్లించి, ఆటలో ఒకరినొకరు పిల్చుకోవాల గదండీ, ఈ పాప నోరే తెరవదేమి, మూగదా అంది. సుబ్రమణ్యానికి రోషం వచ్చింది. మూగది కాదు మేడం, మాది మగ్గాలిల్లు, ఆడ అరిస్తే ఎవురికి ఇనపడతాది, మేమంతా చేతుల్తోనే మాట్లాడుకుంటాము, దాని చేతులు సూడండి అన్నాడు.

అప్పుడు చూశాం రత్నం. జనం కేకలకు హాలు పైకప్పు ఎగిరిపోయేట్టుంది. కోచ్ అరుపు ఎవరికీ అందడం లేదు. మిగతా పిల్లలంతా లోహిత చేతుల వైపే చూస్తున్నారు. క్యాంపులో వాళ్లందరికీ నేర్పేసిందంట! అది వేళ్లు తిప్పితే ఒకతి పక్కకు జరుగుతుంది, అరచెయ్యి దించితే ఇంకొకతి ఆగిపోతుంది. సుబ్రమణ్యం నా చెవిలో ఒకటే అనువాదం. అదిగో నూలు తెగిందంటాండాది, పక్క మగ్గం కాడికి పొమ్మంటాండాది, ఇదిగో ఆపమంటాండాది అని. అవతలి జట్టుకు ఏమీ అర్థం కాలేదు. షెడ్డులోకి కొత్తగా వచ్చిన సేటు మాదిరి దిక్కులు చూశారు.

మేడం నా వైపు తిరిగి, మీ అభిప్రాయం ఏమండీ అని అడిగింది. బంగారం లాంటి పిల్ల, కళ్లు మూసుకుని తీసుకోండి అని సిఫారసు చేశాను.

ఆఖరి క్షణాలు. మనం ఒక్క పాయింటు వెనక. బంతి లోహిత చేతికొచ్చింది. ఇద్దర్ని తప్పించుకుంది. ఎగిరింది చూడు, పావురం ఎగిరినట్టు! తనే వేసేసింది. గంట మోగింది. గెలిచాం! చోటు లోహితదే! సుబ్రమణ్యం నా మీద పడి ఏడ్చాడు. నేను మాత్రం ఏడవలేదు, రాయి మాదిరి నిలబడ్డాను.

నువ్వు తలెత్తుకుని తిరుగు. తిరిగేటప్పుడు గోడలు చూసుకో.

ఇట్లు,
చెప్పు తెగినా పరువు తెగని నీ
గోవిందస్వామి

తా.క.: కవరు అంటించబోతుంటే వాళ్ల నాయన్ని చూడ్డానికి లోహిత లాడ్జికొచ్చింది. ఉత్తరం లాక్కుని చదివింది. నేను చప్పట్లు కొడుతుందనుకున్నాను. అది కళ్లెర్రజేసి, ఏం మామా ఇట్ల రాసినావు, ఖాళీగా ఉండేవాళ్లకి ఇయ్యకుండా నేనే ఏసినానంటే సార్ నా మొగం సూస్తాడా, ఆయన నేర్పిందంతా యాడికి పోయినట్టు అని కడిగేసింది. కాబట్టి ఇప్పుడు నిజం రాస్తున్నాను, అది పక్కనే నిలబడి చూస్తోంది.

ఆఖరి బంతి లోహిత వెయ్యలేదు. వెయ్యడానికి దారి ఉంది, అయినా అవతల రింగు కింద నందిని ఇంకా ఖాళీగా ఉంది. ఆ చోటుకు పోటీ పడుతున్న నందినికే ఇచ్చేసింది. నందిని వేసింది, గెలిచాం. హాలంతా నందినీ నందినీ అని అరుస్తుంటే, అయిపోయింది, చేతులారా చోటు ఇచ్చేసిందే అని నేను తల పట్టుకుని కూలబడ్డాను. లోహిత మాత్రం వాళ్ల నాయన వైపు తిరిగి రెండు పిడికిళ్లు కలిపి చూపించింది. తెగిన నూలు ముడేసినాను, మగ్గం తిప్పు అని దానికి అర్థమంట.

తర్వాత మేడం దిగి వచ్చి, వేసేవాళ్లు మాకు దొరకతారమ్మా, తన చోటు పోతాదని తెలిసీ ఇచ్చేవాళ్లు దొరకరు అని లోహితనే ఉంచుకుంది. ఇది ఎవరు నేర్పినారని అడిగితే, మా సార్ రాజారత్నం అని చెప్పింది, హాలంతా వినపడేట్టు. నోటితోనే, రత్నం. నందినిని వచ్చే ఏడు మళ్లీ రమ్మన్నారు. ఊరికి పోయే ముందు ఆ పిల్ల లోహిత చేతిలో సంచెడు నిమ్మకాయలు పెట్టిపోయింది.

ఇంకా ఏమేం కల్పించానంటే: మేడం నన్ను అభిప్రాయం అడగలేదు, కాళ్లు ముందు కుర్చీ మీంచి తియ్యమంది. నేను రాయి మాదిరి నిలబడలేదు, సుబ్రమణ్యం కంటే ముందే ఏడ్చాను. చెప్పు తెగింది మాత్రం నిజం.